సర్వర్ విప్పకముందు లాగ్ చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

మధ్యాహ్నాలు సర్వర్ దానంతట అదే ఆగిపోతోందనీ, పవర్ సప్లై మార్చేయమంటారా అనీ రాశావు. తొందరపడకు నాన్నా. వేడెక్కినా ఆగుతుంది, కరెంటు తేడా వచ్చినా ఆగుతుంది. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. బోర్డు మీద మేనేజ్‌మెంట్ చిప్పు ఒకటుంటుంది. సర్వర్ ఆగినా ప్లగ్గులో కరెంటున్నంతసేపూ అది పనిచేస్తూ, ఏం జరిగిందో రాసుకుంటుంది. ఆ రాతనే లాగ్ అంటారు. దాన్ని చూపించే ‘ఐపీఎంఐటూల్ సెల్ లిస్ట్’ (ipmitool sel list) కమాండు కొట్టి చివరి వరుసలు చదువు. టెంపరేచర్ హద్దు దాటిందని ఉంటే వేడి. పవర్ సప్లైకి ఇన్‌పుట్ పోయిందని ఉంటే లోపం సాధారణంగా బయటే: కేబులో, సాకెట్టో, యూపీఎస్సో.

కరెంటు అని తేలితే ముందు లోడు లెక్క చూడు. రెండు పవర్ సప్లైలున్నాయి కదా అని ధైర్యపడతారు గానీ, ఒక్కోటీ 550 వాట్లదై సర్వర్ 700 లాగుతుంటే, ఒకటి పోయిన క్షణంలోనే రెండోదీ ఓవర్‌లోడై ఆగిపోవచ్చు. ఎక్కువ లోడు మీద కూడా ఒక్కటే మొత్తం మోయగలగాలి. రెండింటినీ ఒకే యూపీఎస్‌కి తగిలిస్తే, ఆ యూపీఎస్ పోయినప్పుడు రెండూ ఆగిపోతాయి. తర్వాత రెండింటినీ స్లాట్లు మార్చి పెట్టు. తప్పు యూనిట్ వెంట వెళ్తే యూనిట్‌దే, స్లాట్ దగ్గరే ఉండిపోతే కేబుల్ మార్చి చూడు. పన్నెండు వోల్టుల లైను 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. అదీ పని జరుగుతున్నప్పుడు చూడాలి, ఖాళీగా ఉన్నప్పుడు అంతా బాగానే కనిపిస్తుంది. పవర్ సప్లై డబ్బా మాత్రం విప్పకు. ప్లగ్గు పీకేసినా లోపలి కెపాసిటర్‌లో దాదాపు 400 వోల్టులు నిలిచి ఉండొచ్చు.

వేడి అయితే గది గోడ మీది థర్మామీటరు నమ్మకు. సర్వర్ ముందు భాగంలో, గాలి పీల్చుకునే చోట కొలువు. 18 నుంచి 27 డిగ్రీలు మంచిది. మూత తీసి పక్కన ఫ్యాను పెట్టే అలవాటుంటే మానుకో. మూతా, లోపలి ప్లాస్టిక్ తొడుగూ ఉంటేనే గాలి హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగేసే లోహపు రెక్కలు) గుండా పోతుంది. ర్యాకులో ఖాళీ అరలకు బ్లాంక్ ప్లేట్లు బిగించు, లేకపోతే వెనక వేడిగాలి ముందుకు తిరిగొస్తుంది. దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాను రెక్క వేలితో పట్టుకో, విపరీతంగా తిరిగితే బేరింగు పాడవుతుంది. ఇంతా చేసినా ప్రాసెసర్ ఒక్కటే కాగుతుంటే ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య వేడిని దాటించే పాత థర్మల్ పేస్టు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది పల్చగా రాయి. హీట్‌సింక్ స్క్రూలు దాని లేబుల్ మీది వరసలో, కొంచెం కొంచెంగా బిగించు.

నీ మధ్యాహ్నాల సంగతి చూస్తే నా అనుమానం ఏసీ మీద. కరెంటు పోతే సర్వర్‌ని యూపీఎస్ నిలబెడుతుంది, ఏసీని కాదు. చిన్న గదిలో నిమిషాల్లోనే వేడి పెరిగిపోతుంది. లాగ్‌లోని టైమునీ కరెంటు పోయిన టైమునీ పక్కపక్కన పెట్టి చూసి నాకు రాయి. ఏసీని జనరేటర్ లైనుకి మార్చాలో వద్దో అప్పుడు చెబుతాను.

ఇట్లు,
బాబాయి