అద్దాలు మార్చినా మసకేనా?

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు. ఏడాదిలో రెండుసార్లు అద్దాలు మార్చినా మసకగానే ఉందంటోంది. రాత్రి ఎదురుగా లైటు పడితే ఏమీ కనిపించదట. వయసు వల్లేనా?

జవాబు: వయసని సరిపెట్టుకోకండి. నంబరు త్వరత్వరగా మారడం, లైట్ల వెలుగు చెదరడం ఎక్కువగా శుక్లం లక్షణాలు. కంటిలోని కటకం మబ్బుపట్టి కాంతి చెల్లాచెదురవుతుంది. చూపు పనులకు అడ్డొచ్చే దశలో ఆపరేషన్‌తో కృత్రిమ లెన్స్ పెడతారు.

అయితే శుక్లం ఒక్కటే ఉందనుకోవద్దు. ఇంట్లో ఇలా చూడండి. చదివే అద్దాలు పెట్టించి, ఒక కంటిని నొక్కకుండా అరచేత్తో మూసి, మధ్యలో చుక్క పెట్టిన గళ్ల కాగితాన్ని 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని ఆ చుక్కనే చూడమనండి. తర్వాత రెండో కన్ను. రెండూ తెరిస్తే బాగున్న కన్ను లోపాన్ని కప్పేస్తుంది. గీతలు వంకరపోయినా, మధ్యలో మచ్చ కనిపించినా కంటి వెనక కాంతిని గ్రహించే పొర అయిన రెటీనాలో నడిమి భాగం, అంటే మాక్యులా, దెబ్బతిని ఉండొచ్చు. వారం ఆగకుండా డాక్టరుకు చూపించండి.

కంటి నరం దెబ్బతినే గ్లాకోమా (నీటికాసులు) మాత్రం ఈ గళ్ల పరీక్షకు దొరకదు. నొప్పి లేకుండానే పక్కచూపును తినేస్తుంది, పోయిన చూపు తిరిగి రాదు. కంటి ఒత్తిడి మామూలుగా ఉన్నా రావచ్చు కాబట్టి కంటి నుంచి మెదడుకు వెళ్లే ఆప్టిక్ నరాన్నీ పరీక్షించమని అడగండి. షుగర్ ఉంటే ఏటా కంటిపాప పెద్దదయ్యే చుక్కల మందు వేయించి రెటీనా చూపించాలి. ఆ మందుకు కొన్ని గంటలు చూపు మసకబారుతుంది, మీరు తోడు వెళ్లండి.

ఉన్నట్టుండి తెర పడినట్టున్నా, మెరుపులు కనిపించినా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి.