వెండి ఖనిజాలు సేకరించాలనుకుంటున్న మేనకోడలికి

చి. అమ్మడికి,

మామయ్య ఆశీస్సులు. అమ్మకానికి ఉన్న మూడు వెండి ఖనిజపు ముక్కల ఫోటోలు పంపి, వీటిలో ఏది కొనాలని అడిగావు కదా, మూడూ కంప్యూటర్‌లో పెద్దవి చేసుకుని చూశాను. అడిగినదానికి జవాబు ముందే చెప్పేస్తాను. ఆ ఎర్ర స్ఫటికం కొనొచ్చు, కానీ అది ఏ గనిలోదో అమ్మేవాడు చెప్పగలిగితేనే. నల్ల రాయి మీద తెల్లగా చుట్టలు తిరిగిన వెండి తీగ జోలికి మాత్రం వెళ్లకు. ఇక మూడోది, పాత జర్మన్ చేతిరాత చీటీతో ఉన్న మసక ముక్క. అది నీకు నచ్చలేదన్నావు. నేనైతే ముందు దాన్నే తీసుకుంటాను. ఎందుకో చెప్పాలంటే కాస్త వివరంగా రాయాలి, ఓపిగ్గా చదువు.

మన ఇళ్లలో వెండి అంటే తులాల లెక్క. కంచం కొన్నా పట్టీలు కొన్నా ముందు తూకం వేయిస్తాం. ఈ సేకరణలో ఆ లెక్క పూర్తిగా పక్కన పెట్టాలి. ఎర్ర వెండి ఖనిజం ప్రౌస్టైట్‌లో బరువుకి 65 శాతం వెండి, నల్లటి వెండి సల్ఫైడు అకాంథైట్‌లో 87 శాతం. గోరంత స్ఫటికంలో ఉన్న వెండి అమ్మితే పెద్దగా ఏమీ రాదు. అయినా మంచి స్ఫటికానికి ఒక నెల జీతం అడుగుతారు, ఇచ్చి కొనేవాళ్లూ ఉన్నారు. దానికి కారణం గనుల చరిత్రలోనే ఉంది. వెండి గని తవ్వినవాళ్లకు కావలసింది లోహం. దొరికిన స్ఫటికం ఎంత అందంగా ఉన్నా కొలిమికే పోయేది. ఈరోజు మ్యూజియంలో ఉన్న ప్రతి ముక్కా ఎవరో ఒక గని కార్మికుడో, మేస్త్రీయో, ఇంజనీరో పక్కకు తీసి దాచబట్టి మిగిలింది. ప్రౌస్టైట్‌కి జంట లాంటి ముదురు ఎర్ర పైరార్జిరైట్ ఖనిజంగా మరీ అరుదేమీ కాదు. కొన విరగకుండా, అంచులు పదునుగా మిగిలిన పైరార్జిరైట్ స్ఫటికం మాత్రం చాలా అరుదు. నువ్వు ఏరుకోవలసింది ఆ రెండో రకాన్ని.

నువ్వు ఉన్న ఊరు దీనికి సరైన ఊరు. మీ జర్మనీ ఊరు ఫ్రైబెర్గ్‌లో 1168లో వెండి బయటపడింది. గనులు 1913లో ఒకసారి మూతపడి, మళ్లీ తెరుచుకుని, 1969లో పూర్తిగా ఆగిపోయాయి. మీ యూనివర్సిటీ 1765లో గనుల విద్య కోసమే పెట్టింది. ఖనిజ శాస్త్రవేత్త వెర్నర్ పాఠాలు చెప్పింది అక్కడే, ఖనిజాల గట్టిదనానికి కొలత పెట్టిన మోస్ చదువుకున్నదీ అక్కడే. అందుకని కొనడానికి ముందు కొన్ని నెలలు చూడటానికే కేటాయించు. ఫ్రాయిడెన్‌స్టైన్ కోటలో టెర్రా మినరాలియా అనే ఖనిజాల మ్యూజియం ఉంది, పక్కనే జర్మన్ ఖనిజాలకు విడిగా క్రూగర్‌హౌస్ ఉంది, మీ యూనివర్సిటీ సొంత సేకరణ కూడా ఉంది. హడావిడిగా అన్ని గదులూ తిరగొద్దు. ఒక రోజంతా వెండి ఖనిజాల అరల ముందే గడుపు. కొన ఎలా ముగిసింది, ముఖాల మీద గీతలు ఎటు నడిచాయి, స్ఫటికం కింద ఏ రాయి ఉంది, ఈ మూడూ గమనించి నోట్‌బుక్‌లో బొమ్మ గీసుకో. ఫోటో తీస్తే కన్ను పట్టించుకోదు, గీస్తే తప్పకుండా పట్టించుకుంటుంది.

ఇక ఖనిజాల సంగతి. మొదట ఎర్ర వెండి జంట. ప్రౌస్టైట్‌లో వెండి, ఆర్సెనిక్, గంధకం ఉంటాయి. పైరార్జిరైట్‌లో ఆర్సెనిక్ బదులు యాంటిమొనీ ఉంటుంది. ప్రౌస్టైట్ వెనక చిన్న లైటు పెడితే దానిమ్మ గింజ రంగు కనిపిస్తుంది. పైరార్జిరైట్ అంతకంటే ముదురు. మందంగా ఉంటే నల్లగానే కనిపిస్తుంది, పలచటి అంచుల్లోనే ఎరుపు తెలుస్తుంది. రెండింటికీ వజ్రం లాంటి మెరుపు ఉంటుంది, రెండూ మెత్తనివే. మోస్ కొలతలో 2, 2.5 మధ్య, అంటే గోటి గట్టిదనం. గట్టిగా రుద్దితే ముఖం పాడవుతుంది. నీ ఫోటోలోని ఎర్ర స్ఫటికం ప్రౌస్టైట్ లాగానే ఉంది, కానీ సిన్నబార్, క్యూప్రైట్ అనే వేరే ఎర్ర ఖనిజాలు కూడా ఫోటోల్లో అలాగే మోసం చేస్తాయి. చేతిలోకి తీసుకుని పది రెట్ల లెన్సుతో చూడనిదే డబ్బు కట్టొద్దు.

ప్రౌస్టైట్‌కి ప్రపంచంలో పేరు మోసిన చోటు చిలీలోని చన్యార్సియ్యో. అటకామా ఎడారిలో 1832లో బయటపడిన గని అది. నేల పైభాగంలో క్లోరార్జిరైట్, అంటే కొమ్ములాగా మెత్తగా కోసుకుపోయే వెండి క్లోరైడు దొరికేది. కింద లోతుల్లో ఎర్ర వెండి. అక్కడి పెద్ద స్ఫటికాలు ఇప్పుడు మ్యూజియాల్లోనే చూడాలి, బజారుకి వచ్చినా మన చేతికి అందవు. నీకు దగ్గర్లో ఉన్నవి ష్లేమా–హార్టెన్‌స్టైన్ ప్రాంతపు ముక్కలు. యుద్ధం తర్వాత యురేనియం కోసం తవ్వినప్పుడు బయటపడ్డాయి. సరిహద్దు దాటితే చెక్ దేశంలో యాహిమోవ్ ఉంది. పాత చీటీల మీద దాని పేరు యోహిమ్‌స్టాల్ అని ఉంటుంది, థాలర్ అనే పాత వెండి నాణేనికి ఆ పేరు వచ్చింది ఈ ఊరి నుంచే. ఈ రెండు చోట్ల నుంచి చిన్నదైనా సరే, మంచి ముక్క ఒకటి సంపాదించడం నీకు సాధ్యమే.

అకాంథైట్ గురించి ఒక విషయం తెలిసి ఉండాలి. వెండి సల్ఫైడు సుమారు 175 డిగ్రీల పైన ఘనాకార నిర్మాణంలో ఉంటుంది. దాన్ని ఆర్జెంటైట్ అంటారు. చల్లారాక లోపలి అమరిక మారిపోయి అకాంథైట్ అవుతుంది, బయటి ఘనం ఆకారం మాత్రం అలాగే మిగిలిపోతుంది. కాబట్టి పాత చీటీ మీద ఆర్జెంటైట్ అని ఉంటే అది తప్పుడు ముక్క అనుకోకు, ఆ చీటీని కొట్టేసి కొత్తది రాయకు. కొత్త పేరు వేరే కాగితం మీద రాసి రెండూ కలిపి ఉంచు. మెక్సికోలో గ్వనహ్వాతో, మొరాకోలో ఇమితెర్ దీనికి మంచి చోట్లు.

స్టెఫనైట్, పాలిబేసైట్ అనే వెండి ఖనిజాలు రెండూ నల్లనివి, చూడగానే ఎవరినీ ఆకర్షించవు. కన్ను కాస్త ముదిరాక నీకే నచ్చుతాయి. పాలిబేసైట్ పలచటి ఆరు పలకల బిళ్ళల్లా ఉంటుంది, బిళ్ళ మీద త్రిభుజాకారపు గీతలు కనిపిస్తే గుర్తుపట్టొచ్చు.

ఆర్జిరొడైట్ అనే ఇంకో వెండి ఖనిజం కథ మాత్రం నీకు చెప్పి తీరాలి, అది మీ ఊరిదే. హిమ్మెల్స్‌ఫ్యూర్స్ట్ గనిలో దొరికినది కొత్త ఖనిజమని ఖనిజ శాస్త్రవేత్త వైస్‌బాఖ్ 1885లో గుర్తించాడు. రసాయన శాస్త్రవేత్త క్లెమెన్స్ వింక్లర్ దాన్ని విశ్లేషిస్తే ఎన్నిసార్లు చేసినా సుమారు 7 శాతం లెక్క తేలలేదు. ఆ తేలని భాగమే జర్మేనియం అనే కొత్త మూలకం. 1886లో దాన్ని విడదీసి చూపించాడు. మూలకాల పట్టిక వేసిన మెండెలీవ్ 1871లోనే అలాంటి మూలకం ఉండాలని చెప్పాడు. ఫ్రైబెర్గ్ ఆర్జిరొడైట్ చూపుకి చిన్న చిన్న బుడిపెలే, బొలీవియా స్ఫటికాలు అంతకంటే అందమైనవి. అయినా నీ సేకరణలో ఒక్క ఆర్జిరొడైట్‌కే చోటుంటే హిమ్మెల్స్‌ఫ్యూర్స్ట్‌దే పెట్టుకో.

ఇప్పుడు నీ మూడో ఫోటోకి వద్దాం. ఆ మసక పైరార్జిరైట్ చీటీ మీద నేను చదవగలిగినంత వరకు అదే గని పేరు ఉంది. ఆ గని ఎప్పుడో మూతపడింది. అక్కడి ముక్కలు పాత సేకరణల నుంచి ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి రావాల్సిందే. చీటీ పోతే అది ఏదో ఒక ఎర్ర ఖనిజం ముక్క, అంతే. చీటీ ఉంటే ఫలానా గని, ఫలానా కాలం, ఫలానావాళ్ల చేతుల్లో ఉన్నది అని తెలుస్తుంది. చీటీ కాగితం పాతదేనా, సిరా పాతదేనా, దాని మీద నంబరు ఉంటే ముక్క అడుగున కూడా అదే నంబరు అంటించి ఉందా, ఇవన్నీ చూడు. మంచి చీటీని చెడ్డ ముక్కకి జతచేసి అమ్మేవాళ్లు ఉంటారు. చీటీలో క్వార్ట్జ్ మీద అని రాసి ఉండి, ముక్క కాల్సైట్ మీద ఉంటే అక్కడితో ఆపేయి.

వెండి తీగ ఎందుకు వద్దన్నానో చెబుతాను. అకాంథైట్‌ని వేడి చేస్తే గంధకం పోయి, దాని ఒంట్లోంచే తెల్లటి వెండి తీగలు చుట్టలు చుట్టలుగా పుడతాయి. ప్రకృతిలోనూ వెండి తీగలు అకాంథైట్ మీద పెరుగుతాయి, అందుకే నమ్మించడం తేలిక. లెన్సుతో తీగ మొదలు చూడు. కాల్చిన ముక్కలో అకాంథైట్ పైభాగం కరిగినట్టు, బుడగలు వచ్చినట్టు, స్పాంజిలా ఉంటుంది. తీగ ఎక్కడా మచ్చ లేకుండా తెల్లగా మెరుస్తుంది. అసలు తీగ మీద పొడుగునా గీతలుంటాయి, గీతల సందుల్లో నల్లదనం పేరుకుని ఉంటుంది, మొదట్లో కాల్సైటో క్వార్ట్జో దాన్ని పట్టుకుని ఉంటుంది. నీ ఫోటోలో ఆ నల్ల రాయి అంచులు నాకు కరిగినట్టే కనిపించాయి. ఆకుల్లా కొమ్మల్లా విచ్చుకున్న వెండిని కరెంటు పెట్టి ద్రావణంలో పెంచి అమ్మడం ఇంకో పద్ధతి. నిజమైన తీగ ఎలా ఉంటుందో తెలియాలంటే నార్వేలోని కాంగ్స్‌బెర్గ్ మ్యూజియానికి వెళ్లి చూడాలి. 1623 నుంచి 1958 దాకా నడిచిన గనులవి. అక్కడి తీగలు కాల్సైట్ లోపల ఉండేవి, బలహీనమైన ఆమ్లంతో కాల్సైట్ తీసేసి బయటపెట్టేవారు. ఆ మాట అమ్మేవాళ్లు దాచరు, అందులో తప్పు కూడా లేదు. అతికించిన ముక్కలు పట్టుకోవడానికి చిన్న యూవీ టార్చి తీసుకెళ్లు. జిగురు చాలాసార్లు నీలంగా వెలుగుతుంది. అతుకు ఉందని చెప్పి ధర తగ్గించేవాడు మంచివాడే, చెప్పనివాడి దగ్గర మళ్లీ కొనకు.

కొన్నాక చేయాల్సింది ఇంకా పెద్ద పని. ఎర్ర వెండికి వెలుతురు పడదు. వెలుతురులో ఉన్నకొద్దీ పై పొర మారిపోయి ఎరుపు మీద నల్లటి మసక పడుతుంది. పాత ఎక్స్‌రే ఫిల్ములు వెండి లవణాలతో ఎందుకు చేసేవారో ఆలోచించు, క్లోరార్జిరైట్ కూడా ఆ జాతిదే, అదీ వెలుతురులో రంగు మారుతుంది. కాబట్టి అద్దాల షోకేసు, కిటికీ పక్కన బల్ల, అరలో నిత్యం వెలిగే లైటు, ఇవేవీ వద్దు. మూత ఉన్న పెట్టె, అది మూసిన సొరుగులో. తీసి చూసుకో, స్నేహితులకు చూపించు, కొన్ని నిమిషాలకు ఏమీ కాదు, మళ్లీ లోపల పెట్టేయి. ఇంటికొచ్చినవాళ్లకు కనబడాలన్న కోరిక ఉంటే ఈ ఖనిజాలు కాకుండా మన దక్కను రాళ్లలోని జియోలైట్లు అనే ఖనిజాలు పెట్టుకో. అవి ఎంత వెలుతురైనా భరిస్తాయి, చాలా అందంగా కూడా ఉంటాయి.

గంధకం ఆవిరి ఇంకో శత్రువు. రబ్బరు బ్యాండ్లు, ఉన్ని గుడ్డ, చవక అట్టపెట్టె, పిల్లలు ఆడుకునే మట్టి లాంటి జిగురు ముద్దలు కొన్ని, వీటిలో గంధకం ఉంటుంది. వెండి తీగ పక్కన పెడితే నల్లబడిపోతుంది. ఆమ్లం లేని కాగితం, మంచి ప్లాస్టిక్ పెట్టె వాడు. ఇనుము, గంధకం కలిసిన పైరైట్, మార్కసైట్ ముక్కలు అదే పెట్టెలో వేయకు. అవి పుచ్చి ఆమ్లం వదులుతాయి.

ఒకటి గట్టిగా చెబుతున్నాను తల్లీ. తోమొద్దు. మీ అమ్మ పండగ ముందు కుంకుమభరిణె విభూదితో తోమి తళతళలాడించినట్టు చేయాలని నీకూ అనిపిస్తుంది. ఆ నల్లదనం కూడా ఖనిజమే, చాలాసార్లు అకాంథైట్ పొరే. పేస్టుతోనో, వెండి నలుపు తీసే సిల్వర్ డిప్ ద్రావణంతోనో శుభ్రం చేస్తే తీగ మీది గీతలు, స్ఫటికం మీది మెరుపు పోతాయి, మళ్లీ రావు. దుమ్ము ఉంటే మెత్తటి బ్రష్‌తో కాదు, గాలి ఊదే రబ్బరు బల్బుతో తీయి, బ్రష్ కూడా గీత పెడుతుంది. అల్ట్రాసానిక్ యంత్రంలో అసలే పెట్టకు. ప్రౌస్టైట్‌లో ఆర్సెనిక్ ఉంది, ముట్టుకున్నాక చేతులు కడుక్కో, మంట దగ్గరకు తీసుకెళ్లకు.

గని దిబ్బల మీద ఏరుకోవడం గురించి కూడా అడిగావు. మీ ఊరున్న ఎర్జ్‌గెబిర్గె కొండల గనుల ప్రాంతం 2019లో యునెస్కో జాబితాలోకి చేరింది, దిబ్బలు చాలా చోట్ల రక్షణలో ఉంటాయి. యజమాని, అధికారుల అనుమతి లేకుండా ఒక్క రాయి కూడా తీయకు. విద్యార్థి వీసా మీద ఉన్నదానివి, లేనిపోని టెన్షన్ ఎందుకు? మూసిన గనుల్లోకి ఎవరు పిలిచినా వెళ్లొద్దు. సెలవులకు వచ్చినప్పుడు మన దేశంలో వెతుకుతానన్నావు. ఇక్కడ వెండి దాదాపుగా రాజస్థాన్ సీసం–జింకు ఖనిజంతో కలిసి వస్తుంది, చేతిలో పట్టుకుని మురిసిపోయే స్ఫటికాలుగా కాదు. దానికోసం సెలవులు ఖర్చుచేయకు.

కొనడానికి అక్టోబరు చివర్లో మ్యూనిక్ ప్రదర్శన ఉంటుంది. జూన్‌లో ఫ్రాన్స్‌లో అల్సాస్ ప్రాంతంలోని సాంత్‌మారీ ఒ మీన్‌లో ఇంకోటి, అదీ ఒకప్పటి వెండి గనుల ఊరే. మొదటి రోజు కొనకుండా తిరుగు. నచ్చినవాటి టేబుల్ నంబరు, ధర, చీటీలో ఉన్న మాటలు రాసుకో. రాత్రి వాటిని మ్యూజియం బొమ్మలతో పోల్చి చూసి, మర్నాడు ఒకటే తీసుకో. సంవత్సరానికి ఒకటి చాలు. పది మధ్యరకం ముక్కల డబ్బు దాచి ఒక మంచిది కొను. సైజు విషయంలో అంగుళం ఘనంలో పట్టేవే చూడు. ఆ సైజులో పరిపూర్ణమైన స్ఫటికం దొరికే అవకాశం ఎక్కువ, నీ హాస్టల్ గదిలో సొరుగూ సరిపోతుంది.

మూడో ముక్క విషయంలో అమ్మే ఆయనకు రేపే రాయి. చీటీ రెండు వైపులా ఫోటో, ముక్క అడుగుభాగం ఫోటో, పక్కన స్కేలు పెట్టి తీసిన ఫోటో అడుగు. రాగానే నాకు పంపు. ఇస్తానంటే పోస్టులో పంపొద్దని చెప్పి, నువ్వే వెళ్లి తెచ్చుకో. అడుగున రాయిని పట్టుకునేలా ఫోమ్ కోసుకుని తీసుకెళ్లు, స్ఫటికానికి ఏదీ తగలకూడదు. దూది మాత్రం చుట్టకు, పోగులు కొనలకు చిక్కుకుంటాయి.

ఆశీస్సులతో,
మీ మామయ్య