లైట్‌హౌస్‌లో ఒంటరితనమా? ముందు ఆ ఇత్తడి తోమనివ్వండి

"లైట్‌హౌస్ కాపలా అంటే ఒంటరితనమేనా? దీపం యంత్రంతోనే వెలుగుతుంటే అక్కడ మనిషి ఎందుకు?" అని అడిగారు. చాలా ఏళ్లుగా బోస్టన్‌లో ఉంటున్నాను కాబట్టి చెబుతున్నాను: ఆ ఒంటరితనం ఒడ్డున కూర్చున్నవాళ్ల ఊహ. అక్కడున్నవాళ్లకు అంత తీరిక లేదు.

బోస్టన్ రేవులో లిటిల్ బ్రూస్టర్ ద్వీపం మీదున్న లైట్‌హౌస్, బోస్టన్ లైట్, 1716లో వెలిగింది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, 1776లో, బ్రిటిష్ సేనలు బోస్టన్ వదిలి పోతూ పోతూ దాన్ని పేల్చేశాయి. ఇప్పుడున్నది 1783 నాటి కట్టడం. సందర్శకులను పైకి ఎక్కనిచ్చే రోజుల్లో వెళ్లాను. గాలి ఎక్కువని అంతకుముందు రద్దుచేసిన టికెట్ డబ్బు తిరిగి రావడానికి ఎన్ని ఫోన్లు చేశానో అడగకండి.

మా పడవలో ఒక పెద్దాయన ఉన్నాడు. వయసులో ఉండగా కోస్ట్ గార్డ్ (తీర రక్షక దళం) తరఫున అక్కడే పనిచేశాడట. 76 మెట్లు, ఆపైన నిచ్చెనలు ఎక్కి దీపం గదికి చేరగానే మేమంతా సముద్రం వైపు ఫోన్లు ఎత్తాం. ఆయన అటు చూడనే లేదు. 1859లో బిగించిన ఆ పెద్ద గాజు కటకం దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని వంగి, ఇత్తడి చట్రం కిందిభాగం పరిశీలించాడు. "ఈ మూల వదిలేశారు" అన్నాడు గైడుతో. ఆవిడ కిక్కురుమనకుండా జేబులోంచి గుడ్డ తీసి తుడిచింది. అది మెరిసేదాకా ఆయన కదల్లేదు.

దిగాక మాటల్లో పెట్టాను. ఉప్పుగాలికి ఉదయం తోమిన ఇత్తడి మళ్లీ మసకబారేదట. జెండా ఎగరేయడం, లాగ్ పుస్తకం రాయడం, రంగులు వేయడం, వంతుల వారీగా వంట. ఒకడికి గుడ్లు తప్ప ఏమీ వండటం రాదట, వాడి వంతు వచ్చిందంటే అందరికీ హఠాత్తుగా ఆకలి పోయేదట. ఒంటరితనం గురించి అడిగితే, "పక్క మంచంవాడు గురక పెడుతుంటే ఏం ఒంటరితనం?" అన్నాడు. అసలు బెంగ పడవ గురించే. సముద్రం బాగాలేకపోతే సెలవు దొరికినవాడు సంచి సర్దుకుని గుమ్మంలో కూర్చోవాల్సిందే. ఆ బెంగ ఊరికే రాలేదు. మొట్టమొదటి కాపలాదారు జార్జ్ వర్తిలేక్ 1718లో భార్యతో, కూతురితో ద్వీపానికి తిరిగివస్తూ మునిగిపోయాడు. తర్వాత అమెరికా నిర్మాతల్లో ఒకడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్, అప్పటికి పన్నెండేళ్లవాడు, ఆ విషాదం మీద పాట కట్టాడు.

ఇక మనిషి ఎందుకంటారా? 1998లో ఆ దీపాన్ని కూడా ఆటోమేటిక్ చేశారు. అయినా అక్కడ మనిషి ఉండాలని 1989లోనే చట్టం చేసిపెట్టారు కనుక, 2003 నుంచి 2023 చివరిదాకా శాలీ స్నోమన్ అనే పౌర ఉద్యోగిని ఆ బాధ్యత చూసింది. నన్నడిగితే అలాంటి చట్టం ప్రతి యంత్రానికీ ఉండాలి. దీపం తనంతట తాను వెలుగుతుంది, తన అద్దం మాత్రం తాను తుడుచుకోదు. మా అపార్ట్‌మెంట్ లిఫ్టు కూడా పూర్తిగా ఆటోమేటిక్కే. పోయిన వారం ఆగిపోతే, ఎవరికి చెప్పాలో చెప్పే మనిషి కూడా దొరకలేదు.