మూసను తిప్పితే సెమీకండక్టర్ స్ఫటికం త్వరగా పెరుగుతుందా?

పెరుగుతుంది, కానీ మూసను (కరిగిన పదార్థం ఉండే పాత్రను) తిప్పే వేగాన్ని పదేపదే పెంచుతూ తగ్గిస్తూ ఉండాలి. ద్రవం గడ్డకట్టేటప్పుడు స్ఫటికంలో ఇమడని పదార్థం దాని అంచు ముందే పేరుకుపోతుంది. అది చెదిరేలోపు స్ఫటికాన్ని తొందరగా పెంచితే మచ్చల్లా లోపల చిక్కుకుంటుంది. మూస వేగం మారినప్పుడు జడత్వం వల్ల ద్రవం గోడతో సమానంగా తిరగలేదు. ఆ తేడాకు పుట్టే ప్రవాహం పేరుకున్నదాన్ని ఊడ్చేస్తుంది. 1970ల తొలినాళ్లలో స్ఫటికాల పెంపకంపై పనిచేసిన శాస్త్రవేత్త హన్స్ షీల్ ఈ పద్ధతిని ముందుకు తెచ్చారు.

గామా కిరణాల డిటెక్టర్లలో వాడే కాడ్మియం జింక్ టెల్యురైడ్ అనే సెమీకండక్టర్‌నే చూడండి. టెల్యూరియం ఎక్కువున్న ద్రావణం నుంచి పెంచితే మామూలుగా రోజుకు కొన్ని మిల్లీమీటర్లే (విసుగు పుట్టించే పని!). మూస వేగాన్ని మారుస్తూ ఇలా కలిపితే టెల్యూరియం చిక్కుకోకుండా వేగం పెంచే వీలుంటుంది.

ఒకే వేగంతో గిరగిరా తిప్పినా చాలనుకుంటారు చాలామంది. అలా తిప్పితే కాసేపటికి ద్రవమంతా మూసతో పాటే ఒకే ముద్దలా తిరుగుతుంది, పెద్దగా కలవదు.