కొత్త క్రిస్టల్ దొరికిందని రాసేముందు

అమ్మాయీ,

ఆశీస్సులు. పీహెచ్‌డీకి ఆర్గానిక్ ఎన్‌ఎల్‌ఓ (నాన్‌లీనియర్ ఆప్టికల్, అంటే లేజర్ వెలుగు రంగును మార్చగల) క్రిస్టల్స్ తీసుకున్నావని, ముందుగా గ్లైసిన్, సోడియం క్లోరైడ్ కలిపి ఒక కొత్త పదార్థాన్ని పెంచాలనుకుంటున్నావని రాశావు. బీకరు పట్టుకునే ముందు ఈ ఉత్తరం నిదానంగా చదువు. క్రిస్టల్ పెంచడానికి ఓపిక ఉంటే చాలావరకు సరిపోతుంది. పెరిగింది ఏమిటో తేల్చుకోవడంలోనే ఈ రంగంలో ఎక్కువమంది దెబ్బతింటున్నారు.

నువ్వు అనుకున్న మిశ్రమాన్నే లెక్క వేసి చూద్దాం. 3:1 మోల్ నిష్పత్తి అంటే 225 గ్రాముల గ్లైసిన్‌కు 58 గ్రాముల ఉప్పు. 25 డిగ్రీల దగ్గర 100 మి.లీ. నీళ్లలో గ్లైసిన్ సుమారు 25 గ్రాములు, ఉప్పు సుమారు 36 గ్రాములు కరుగుతాయి. నీళ్లు ఆవిరవుతూ 900 మి.లీ.కి దిగేసరికే గ్లైసిన్ సంతృప్తమైపోతుంది. ఉప్పు సంతృప్తం కావాలంటే 160 మి.లీ. దాకా ఇగరాలి. ఒకటి ఉండటం వల్ల రెండోదాని కరుగుదల కొంత మారుతుంది గానీ ఇంత తేడాను అది పూడ్చలేదు. కాబట్టి ముందు బయటపడేది గ్లైసినే. కాకపోతే ఉప్పునీళ్లలోంచి వచ్చేది మామూలు ఆల్ఫా రూపం కాదు, గామా రూపం. ఆల్ఫా స్పేస్ గ్రూప్ (అణువుల పేర్పు సౌష్ఠవానికి పెట్టిన గుర్తు) పి21/ఎన్. దానికి సౌష్ఠవ కేంద్రం ఉంది, అంటే ప్రతి అణువుకూ ఎదురుగా తిరగబడిన జోడు ఉంటుంది, కాబట్టి 1064 నానోమీటర్ల లేజర్ కొడితే సగం తరంగదైర్ఘ్యపు పచ్చ వెలుగు (ఎస్‌హెచ్‌జీ, సెకండ్ హార్మోనిక్ జనరేషన్) రాదు. గామాది పి31. సౌష్ఠవ కేంద్రం లేదు, వెలుగు వస్తుంది. ఆకారం వేరుగా ఉంది, ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్ కిరణాల వివర్తనం) వేరుగా ఉంది, పచ్చ వెలుగూ ఉంది, ఇంకేం, కొత్త పదార్థమే అనిపిస్తుంది. అది ఎప్పటినుంచో తెలిసిన గామా గ్లైసిన్.

దీన్ని తేల్చడం ఒక పూట పని. రాగి కె-ఆల్ఫా కిరణాలతో పౌడర్ ఎక్స్‌ఆర్‌డీ తీస్తే టూ-తీటా 25.3 డిగ్రీల దగ్గర బలమైన గీత గామాది, 29.9 దగ్గరిది ఆల్ఫాది. సింగిల్ క్రిస్టల్ యంత్రం మీద యూనిట్ సెల్ (క్రిస్టల్‌లో పదేపదే వచ్చే అతి చిన్న గడి) ఒక్కటి కొలిపించినా చాలు. షట్కోణ సెల్, ఎ 7.04, సి 5.48 ఆంగ్‌స్ట్రామ్‌లు వస్తే గామానే. యంత్రానికి వరుసలో నిలబడాల్సి వస్తే ఈలోగా పరీక్షనాళిక తీసుకో. క్రిస్టల్ పైపొరను ఒక్క క్షణం చల్లటి నీటితో కడిగి, ఫిల్టర్ పేపరుతో అద్ది, స్వేదనజలంలో కరిగించు. రెండు చుక్కల పలుచని నైట్రిక్ ఆమ్లం వేసి సిల్వర్ నైట్రేట్ కలుపు. మూడు గ్లైసిన్‌లకు ఒక సోడియం క్లోరైడ్ నిజంగా ఉంటే తెల్లటి ముద్దలాంటి అవక్షేపం దండిగా దిగాలి. కాస్త మసక మాత్రమే కనిపిస్తే అది క్రిస్టల్‌కు అంటుకున్న ద్రావణం. ఈడాక్స్ (ఏ మూలకాలున్నాయో చూపే పరీక్ష)లో సోడియం గీత చూపించి నిర్మాణంలో సోడియం ఉందనడం, ఎఫ్‌టీఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్ వర్ణపటం)లో గీతలు రెండు మూడు సంఖ్యలు జరిగాయని కొత్త బంధం ఏర్పడిందనడం చెల్లవు. ఇలాంటి మిశ్రమాలన్నీ ఉత్తవే అని కూడా అనుకోకు. గ్లైసిన్ సోడియం నైట్రేట్ నిజమైన సమ్మేళనం, దాని నిర్మాణం తేలింది, స్పేస్ గ్రూప్ సిసి. ఏది నిజమో చెప్పాల్సింది నిర్మాణమే.

అణువును ఎంచుకునేటప్పుడూ ఇదే దృష్టి ఉండాలి. ఒక చివర ఎలక్ట్రాన్ ఇచ్చే గుంపు, మరో చివర లాక్కునే గుంపు, మధ్యలో π (పై) బంధాల వంతెన ఉంటే అణువు స్థాయిలో బీటా (వెలుగు రంగు మార్చే శక్తికి ఒక్క అణువు కొలత) పెద్దదవుతుంది. కానీ ఇలాంటి అణువులకు డైపోల్ (ఒక చివర ప్లస్, మరో చివర మైనస్ ఆవేశం) కూడా పెద్దదే. అవి ఎదురెదురుగా పడుకుని ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పారా-నైట్రోఅనిలిన్‌కు బీటా బాగానే ఉన్నా క్రిస్టల్‌కు సౌష్ఠవ కేంద్రం ఉండటంతో ఎస్‌హెచ్‌జీ సున్నా. దానికే పక్కన ఒక మిథైల్ తగిలించి 2-మిథైల్-4-నైట్రోఅనిలిన్ చేస్తే పేర్పు మారి సిసి స్పేస్ గ్రూప్‌లోకి వస్తుంది, గట్టి ఎస్‌హెచ్‌జీ ఇస్తుంది. అందుకే డీఎఫ్‌టీ (కంప్యూటర్‌లో చేసే ఎలక్ట్రాన్ల లెక్క)లో వచ్చిన బీటాను యూరియాతో పోల్చి క్రిస్టల్ గొప్పదని తేల్చకు. అందులో బాగా వాడే బీ3లిప్ పద్ధతి ఇలాంటి ఛార్జ్ ట్రాన్స్‌ఫర్ అణువుల్లో బీటాను ఎక్కువ చేసి చూపుతుంది, దాన్ని సరిదిద్దిన క్యామ్-బీ3లిప్‌తో కూడా లెక్కించి పక్కన పెట్టుకో. సౌష్ఠవ కేంద్రం రాకుండా కచ్చితంగా అడ్డుకోవాలంటే ఒకే చేతివాటం ఉన్న కైరల్ గుంపు (అద్దంలోని తన ప్రతిబింబంతో సరిపోలనిది) తగిలించు. నైట్రోఫినైల్‌కు ఎల్-ప్రోలినాల్ కలిపిన ఎన్‌పీపీ అలాంటిదే. కైరల్ అయినంత మాత్రాన సిగ్నల్ పెద్దదవుతుందని మాత్రం హామీ లేదు. డైపోల్స్ దాదాపు ఎదురెదురుగా ఉంటే మిగిలేది కొంచెమే.

నా మాట వింటే గ్లైసిన్ పక్కన పెట్టి డాస్ట్ అనే ఆర్గానిక్ లవణంతో చేయి తిప్పుకో. నిర్మాణం తెలిసినది, టెరాహెర్ట్జ్ తరంగాలు (మైక్రోవేవ్‌కూ ఇన్‌ఫ్రారెడ్‌కూ మధ్యవి) పుట్టించడానికి నిజంగా వాడుతున్నది. 4-పికోలిన్‌ను మిథైల్ టోసిలేట్‌తో కలిపి పిరిడీనియం లవణం చేసుకోవాలి. దానికి సమాన మోల్స్ 4-డైమిథైలమినోబెంజాల్డిహైడ్ చేర్చి, మిథనాల్‌లో కొన్ని చుక్కల పిపరిడీన్‌తో రిఫ్లక్స్ చెయ్యి (ఆవిరి తిరిగి లోపలే పడేలా మరిగించు). మిథైల్ టోసిలేట్ చర్మంలోంచి పోయి లోపలి అణువులకు మిథైల్ అంటించే విషం. ఫ్యూమ్ హుడ్, గ్లవ్స్ లేకుండా సీసా మూత తియ్యకు. వచ్చిన ఎర్రటి పొడిని మిథనాల్‌లో కనీసం రెండుసార్లు రీక్రిస్టలైజ్ చెయ్యి. మిథనాల్‌లో తడి ఉంటే ఎర్రటి డాస్ట్ బదులు నారింజ రంగు హైడ్రేట్ దిగుతుంది. దానికి సౌష్ఠవ కేంద్రం ఉంది, అంటే పనికిరాదు. వానాకాలంలో గాలిలోని తేమ చాలు చెడగొట్టడానికి. మిథనాల్‌ను నీటిని పీల్చే మాలిక్యులర్ సీవ్స్ మీద ఆరబెట్టి, జాడీ నోరు బిగించి, ఆవిరి పద్ధతి వదిలేసి నెమ్మదిగా చల్లార్చే పద్ధతి పట్టుకో.

ఏ పదార్థమైనా మొదట సాల్యుబిలిటీ కర్వ్ (ఏ ఉష్ణోగ్రతకు ఎంత కరుగుతుందో చూపే గీత) గీయాలి. 30 నుంచి 50 డిగ్రీల వరకు 5 డిగ్రీలకోసారి, అడుగున పొడి మిగిలేలా కొన్ని గంటలు కలియబెట్టి, పైతేట కొలిచి తీసి, ఆరబెట్టి తూచు. తర్వాత సంతృప్త ద్రావణాన్ని 0.2 మైక్రాన్ ఫిల్టర్‌లోంచి పంపు. ఫిల్టరునూ జాడీనీ ముందే వెచ్చబెట్టకపోతే ఫిల్టర్‌లోనే గడ్డకడుతుంది. వడగట్టాక సంతృప్త ఉష్ణోగ్రతకు 5 డిగ్రీలు పైన ఒక రాత్రి ఉంచితే కంటికి కనిపించని నలుసులు కరిగిపోతాయి. ఈ మెట్టు ఎగ్గొడితే సీడ్ (పెద్దది పెరగడానికి మొదట వేసే చిన్న క్రిస్టల్) కట్టిన దారం పొడవునా పటికబెల్లంలా చిన్న చిన్న గడ్డలు పడతాయి. సీడ్ 2, 3 మి.మీ. ఉంటే చాలు, పగుళ్లు లేకుండా, లెన్స్ కింద అద్దంలా ఉండాలి. సన్నని నైలాన్ దారానికి కట్టి, దాన్నీ ద్రావణమంత వెచ్చబెట్టి, సంతృప్తానికి అర డిగ్రీ పైన దించు. పైపొర కాస్త కరిగాక చల్లార్చడం మొదలుపెట్టు. మొదటి వారం రోజుకు 0.1 డిగ్రీ, తర్వాత 0.2. జాడీని ఉంచే వేడినీటి తొట్టి (బాత్)కి యూపీఎస్ తప్పనిసరి. ఒక్కసారి కరెంటు పోయి చల్లబడి మళ్లీ వేడెక్కితే లోపల మబ్బు పొర ఏర్పడుతుంది. తీసేటప్పుడు ద్రావణాన్ని గది ఉష్ణోగ్రతకు తెచ్చాకే తియ్యి. వేడి ద్రావణంలోంచి ఏసీ గాలిలోకి లాగితే పగులుతుంది.

ఎస్‌హెచ్‌జీకి 1968 నుంచి వాడుతున్న కుర్ట్జ్-పెర్రీ పౌడర్ పద్ధతి ఉంది. మన ప్రాంతపు ల్యాబుల నుంచి చాలామంది బెంగళూరు ఐఐఎస్‌సీకి నమూనాలు పంపి చేయించుకున్నారు. పొడిని నూరి అలాగే పంపవద్దు, జల్లెడ పట్టు. 63 నుంచి 90, 90 నుంచి 125, 125 నుంచి 150 మైక్రాన్లు, ఇలా వేరు చేసి, పోలికకు వాడే కేడీపీ (పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్)నీ యూరియానూ అవే సైజుల్లో జల్లించి జత చెయ్యి. సైజు పెరిగేకొద్దీ సిగ్నల్ పెరిగి నిలబడితే ఫేజ్ మ్యాచింగ్ (లేజర్ వెలుగూ పుట్టిన వెలుగూ అడుగు కలిపి నడవడం) సాధ్యమే. ఒకచోట ఎక్కి తర్వాత దిగితే కాదు. సైజు చెప్పకుండా కేడీపీకి ఇన్ని రెట్లు అనే అంకెకు విలువ లేదు. లేజర్ శక్తి రెట్టింపైతే సిగ్నల్ నాలుగింతలవ్వాలి. టూ-ఫోటాన్ ఫ్లోరెసెన్స్ (రెండు ఫోటాన్లు మింగి పదార్థం వెలగడం) కూడా అలాగే నాలుగింతలవుతుంది కాబట్టి స్పెక్ట్రమ్ తప్పక తీయించు. 532 దగ్గర సన్నని గీత ఎస్‌హెచ్‌జీ, వెడల్పాటి గుట్ట ఫ్లోరెసెన్స్. రంగు పదార్థాలకు 1064 నానోమీటర్ల లేజర్ వాడితే పుట్టిన పచ్చ వెలుగును క్రిస్టలే మింగేస్తుంది. డాస్ట్‌ను అందుకే, తరంగదైర్ఘ్యం పెంచే హైడ్రోజన్ రామన్ సెల్ దాటించిన 1907 నానోమీటర్లతో కొలిచారు. 1064, 1907 కిరణాలు కంటికి కనిపించవు, 1064కీ 532కీ, వాడితే 1907కీ సరిపడే కళ్లద్దాలు లేకుండా ఆ గదిలో అడుగుపెట్టకు.

జెడ్-స్కాన్ (నమూనాను లేజర్ ఫోకస్ గుండా జరిపి, వెలుగు తీవ్రతతో వక్రీభవనం ఎంత మారుతుందో కొలిచే పద్ధతి) గురించి అడిగావు. సీడబ్ల్యూ (ఆగకుండా వెలిగే) పచ్చ లేజర్‌తో చేస్తే చదరపు సెం.మీ./వాట్‌లలో 10 మైనస్ 8 ఘాతం స్థాయి ఎన్2 (ఆ మార్పు కొలత) వస్తుంది. అది ద్రావణం వేడెక్కి కటకంలా మారడం వల్ల వచ్చింది, ఎలక్ట్రాన్లది కాదు. ఫెమ్టోసెకను (సెకనులో 10 మైనస్ 15 ఘాతం వంతు) పల్స్‌ల లేజర్‌తో కార్బన్ డైసల్ఫైడ్‌కు వచ్చేదే సుమారు 3 గుణించు 10 మైనస్ 15. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఫెమ్టోసెకను లేజర్లున్నాయి, అక్కడ సమయం అడుగు. తక్కువ రిపిటిషన్ రేటు (సెకనుకు వచ్చే పల్స్‌ల సంఖ్య)తోనే చెయ్యి, 80 మెగాహెర్ట్జ్ అయితే పల్స్ మీద పల్స్ పడి మళ్లీ వేడే కొలుస్తావు. నమూనా మందం రేలీ పొడవు (ఫోకస్ దగ్గర కిరణం సన్నగా ఉండే దూరం) కంటే తక్కువగా ఉంచు. సాల్వెంట్ ఒక్కదానికీ, కార్బన్ డైసల్ఫైడ్‌కూ అదే రోజు, అదే అమరికలో స్కాన్ తియ్యి.

ముందు డాస్ట్ సాల్యుబిలిటీ కర్వ్, మొదటి విడత పొడి యూనిట్ సెల్ కొలతలు పంపు. అవి చూశాక సీడ్ ఎప్పుడు దించాలో మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ బాబాయి