మాట్లాడింది పుస్తకంలోకి ఎక్కాలి: గ్రామసభపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా ఊళ్లో 1,400 ఓట్లు. గ్రామసభ అంటే పంచాయతీ ఆఫీసు ముందు టెంటు, నాలుగు కుర్చీలు, నలభై మంది జనం. ఇళ్లు, పింఛన్ల గురించి అరుపులతోనే గంట గడిచిపోతుంది. ఈమధ్యే వార్డు సభ్యురాలినయ్యాను. సభ సభలా జరగాలంటే ఏం చెయ్యాలి?
– వార్డు సభ్యురాలు, జనగామ జిల్లా

జవాబు: ముందు తల లెక్క చూసుకోండి. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం (2018) గ్రామసభకు కోరం, అంటే సభ చెల్లడానికి రావాల్సిన కనీస సంఖ్య, పెట్టింది. 500 లోపు ఓట్లున్న ఊరికి 50 మంది, వెయ్యి నుంచి మూడు వేల ఓట్లున్న మీలాంటి ఊరికి 150 మంది ఉండాలి. నలభై మందితో జరిగింది పలకరింపే గానీ సభ కాదు. రెండు నెలలకోసారి సభ పెట్టాలని, అందులో ఏడాదికి రెండు మహిళలు, వృద్ధులు, దివ్యాంగుల సమస్యల కోసమే జరగాలని కూడా అదే చట్టం చెబుతోంది. ఈ రెండింటినీ మీరు అడిగి మరీ పెట్టించండి.

జనం రాకపోవడానికి బద్ధకం కంటే వేళ పెద్ద కారణం. నాట్ల రోజుల్లో, పత్తి ఏరే రోజుల్లో ఉదయం పదకొండింటికి పెడితే కూలికి పోనివాళ్లే వస్తారు. సాయంత్రం నాలుగున్నరకు మొదలుపెట్టి ఆరున్నరకు ముగించండి. ఏడు దాటితే పొయ్యి దగ్గర పని ఉన్న ఆడవాళ్లు లేచిపోతారు. అమావాస్య నాడు అరక కట్టని ఊరైతే ఆ రోజు ఇంకా మంచిది. చాటింపు వారం ముందు ఒకసారి, ముందురోజు సాయంత్రం మరోసారి వేయించండి. వాట్సాప్ గ్రూపులో పెట్టాం కదా అని ఊరుకుంటే ఆ కబురు కుర్రాళ్ల ఫోన్లలోనే ఆగిపోతుంది.

చోటు సంగతి చాలామంది పట్టించుకోరు. గుడి అరుగు మీదో, ఒక పెద్దమనిషి ఇంటి ముందో పెడితే ఎస్సీ కాలనీ వాళ్లు వచ్చినా వెనకే నిలబడతారు, నోరు విప్పరు. బడి ఆవరణ అందరిదీ. అక్కడ కూడా వేదిక వద్దు. పాలకవర్గం, అధికారులు జనంతో సమానంగా కూర్చోవాలి.

అసలు పని సభకు ముందు వారంలోనే జరుగుతుంది. వాడకొక చిన్న కూటం పెట్టండి. మహిళా సంఘాలు ఎలాగూ కలుసుకుంటాయి కాబట్టి ఆ రోజే వెళ్లి పావుగంట అడిగి తీసుకోండి. 'ఈ వాడలో ఒక్క పనే చేయాలంటే ఏది?' అన్న ప్రశ్న చాలు. 'మీ సమస్యలేమిటి' అని అడిగితే నలభై వస్తాయి, ఒక్కటీ తేలదు. వచ్చిన జవాబును ఒక కాగితం మీద రాసి, సభలో మాట్లాడే ఇద్దరిని ఆ వాడవాళ్లే ఎంచుకోవాలి. ఆ ఇద్దరిలో ఒకరు ఆడమనిషి కావాలి.

ఇక ఇళ్లు, పింఛన్ల గోల. తెలంగాణలో 2025 జనవరి 21 నుంచి 24 వరకు రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్లు, రైతు భరోసా, ఆత్మీయ భరోసా కోసం ఊరూరా సభలు పెట్టినప్పుడు జాబితాలో పేరు లేనివాళ్లు నిలదీస్తుంటే చాలాచోట్ల వేరే మాటకు సందే దొరకలేదు. అది వాళ్ల తప్పు కాదు. సొంత బాధ చెప్పుకోవడానికి వేరే చోటు చూపకపోతే ఎవరైనా మైకు దగ్గరే చెబుతారు. అందుకే ప్రవేశం దగ్గర ఒక బల్ల, ఒక రిజిస్టరు పెట్టించండి. దరఖాస్తు తీసుకుని వరస నంబరు వేసిన చీటీ చేతికివ్వాలి. చీటీ చేతిలో పడ్డ మనిషి ఊరి సంగతులు వింటాడు. అయితే వచ్చే సభలో ఆ నంబర్ల మీద ఏం జరిగిందో చెప్పాలి. చెప్పకపోతే రెండోసారి ఎవరూ చీటీని నమ్మరు.

సభ మొదలవగానే కొత్త కోరికల జోలికి పోవద్దు. కిందటి సభ తీర్మానాలు ఒక్కొక్కటే చదివి అయింది, కాలేదు, ఎందుకు కాలేదు అని చెప్పించడానికి పదిహేను నిమిషాలు, జమాఖర్చులకు మరో పదిహేను. ఆ తర్వాత ముప్పావుగంట జనాన్ని విడగొట్టండి. కేరళలో 1996లో ప్రజాప్రణాళిక మొదలుపెట్టినప్పుడు గ్రామసభల్లో చేసింది ఇదే. తొలి పలుకులు కాగానే విషయానికొక గుంపుగా కూర్చోబెట్టారు. మీ ఊరికి నీళ్లు, మురుగు–చెత్త, రోడ్లు–దీపాలు, బడి–అంగన్‌వాడీ అని నాలుగు గుంపులు చాలు. గుంపు నలభై దాటితే రెండు చేయండి. గుంపులో మాటలు రాసేవాడు సర్పంచ్ మనిషి కాకూడదు, మాటకారి అంతకన్నా కాకూడదు. నీళ్ల గుంపులో ఆడవాళ్లను వేరుగా కూర్చోబెడితే ఏ కుళాయికి ఎన్ని గంటలకు నీళ్లు ఆగుతాయో కచ్చితంగా తెలుస్తుంది. మగవాళ్లు మోటారు గుర్రపుశక్తి గురించి వాదించుకుంటారు. గుంపుకు రెండు పనులే, కారణంతో సహా. మిగిలిన ముప్పావుగంట తీర్మానాలకు.

చివరగా, పంచాయతీ కార్యదర్శి మినిట్స్ (సభలో తేల్చినవాటి రాత) రాసి, జనం లేవకముందే బిగ్గరగా చదవాలి. ఆఖరి తీర్మానం కింద అడ్డగీత కొట్టి, ఆ గీత కింద సంతకాలు చేయించండి. 'తర్వాత రాసుకుంటాలే' అన్నారంటే రాసేది మీ సభ కాదు.

ప్రశ్న: మా పంచాయతీలో గ్రామసభ జరిగినట్టు పుస్తకంలో ఉందట. మాకు చాటింపే వినపడలేదు. ఎలా నిరూపించాలి?
– ఒక రైతు, పల్నాడు జిల్లా

జవాబు: నోటిమాటతో తేలదు, పుస్తకం నకలు తీసుకోండి. సమాచార హక్కు దరఖాస్తుకు గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. నకలుకు పేజీకి 2 రూపాయలు. 'గ్రామసభల వివరాలు ఇవ్వండి' అని రాస్తే ఒక ముక్కలో జవాబిచ్చి వదిలేస్తారు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు జరిగిన గ్రామసభల నోటీసు, హాజరు పట్టిక, తీర్మానాల నకళ్లు అని మూడూ విడివిడిగా అడగండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ఒక తేదీ ఉంది. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో 13,326 పంచాయతీల్లో ఉపాధి హామీ పనుల ఆమోదానికి ఒకేరోజు సభలు పెట్టారు. ఆ రోజు పేజీ మీ ఊరి పుస్తకంలోనూ ఉండాలి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మరో ముప్పై రోజుల్లోగా మొదటి అప్పీలు వేయండి.

నకలు వచ్చాక హాజరు పట్టికతో మొదలుపెట్టండి. చనిపోయినవాళ్లు, వలస వెళ్లినవాళ్లు సంతకం చేశారా? ఇరవై సంతకాలు ఒకే చేతిరాతలో ఉన్నాయా? రేషన్ ఇచ్చేటప్పుడో ఉపాధి పనిచోటో తెల్ల కాగితం మీద తీసుకున్న సంతకాలైతే పై భాగంలో సభ తేదీ ఉండదు, లేదా వేరే సిరాతో ఉంటుంది. సంతకాల కింద ఇరికించిన తీర్మానం కనిపిస్తే అది సభ తర్వాత పుట్టిందే. పట్టికలో పేరున్నా సభకు రాని పదిమందితో విడివిడిగా రాతపూర్వక వాంగ్మూలాలు తీసుకుని జిల్లా పంచాయతీ అధికారికి ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్ అర్జీల్లో ఇస్తే రసీదు నంబరు కూడా దొరుకుతుంది. సభ పెట్టని సర్పంచ్ పదవి పోగొట్టుకునే నిబంధన రెండు రాష్ట్రాల చట్టాల్లోనూ ఉంది. అయితే దాన్ని బెదిరింపుగా మొదటి రోజే వాడకండి. పదో వంతు ఓటర్లు, కనీసం 50 మంది సంతకాలతో 'సభ పెట్టండి' అని అర్జీ ఇచ్చి చూడండి. చాలాచోట్ల అంతటితోనే టెంటు లేస్తుంది.

ప్రశ్న: రెండేళ్ల కిందట సభలో సీసీ రోడ్డు తీర్మానం చేశాం. ఇంతవరకు కంకర కూడా పడలేదు. తీర్మానానికి విలువ లేదా?
– మాజీ వార్డు సభ్యుడు, నంద్యాల జిల్లా

జవాబు: 'ఎస్సీ కాలనీలో సీసీ రోడ్డు వేయాలి' అని రాసి ఉంటారు. అలాంటి వాక్యానికి అంచనా కట్టడం కుదరదు, అంచనా లేనిదానికి డబ్బు కేటాయించరు. 'అంగన్‌వాడీ గుమ్మం నుంచి చేతిపంపు దాకా 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు' అని రాయాలి. టేపు పట్టి కొలవడానికి పది నిమిషాలు. ఆ కొలత రేపు నాణ్యత అడగడానికీ పనికొస్తుంది. 15 సెంటీమీటర్ల మందం అయితే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది. ఎం20 రకం కాంక్రీటుకు ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు, అంటే 360 బస్తాలు. రెండొందల బస్తాలతో రోడ్డు పూర్తయిందంటే సభలో లేచి అడగండి.

ఏ ఖాతాలోంచో కూడా రాయాలి. 2021–26 మధ్య పంచాయతీలకు వచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టుబడి ఉండేది. మీ రోడ్డు మిగతా 40 శాతంలో పోటీపడింది, ఆ వాటాతో జీతాలు ఇవ్వకూడదన్నారు కానీ వీధిదీపాల లాంటి మిగతా పనులన్నీ అందులోంచే జరగాల్సి ఉండేది. అదే రోడ్డు పక్కన మురుగుకాలువ అడిగి ఉంటే 60 శాతంలో చోటు దొరికేది. పని ఊరి అభివృద్ధి ప్రణాళికలోకి ఎక్కిందో లేదో పంచాయతీల లెక్కలుండే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఈ–గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో మీ పంచాయతీ పేరు కొట్టి చూడండి. ప్రణాళికలో లేకపోతే కార్యదర్శిని తప్పుపట్టి లాభం లేదు, మళ్లీ తీర్మానం చేయించాల్సిందే.

ప్రశ్న: మాది ఏజెన్సీ. కొండ మీద రాతి క్వారీకి మండల కేంద్రంలో 'గ్రామసభ' పెట్టి ఒప్పుకున్నామని రాసుకున్నారు. చెల్లుతుందా?
– ఒక పాఠకుడు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: గట్టిగా అభ్యంతరం చెప్పండి. ఏజెన్సీ ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 పెసా చట్టంలో గ్రామమంటే పంచాయతీ కాదు, తమ ఆచారాల ప్రకారం నడుచుకునే ఒక గూడెం లేదా కొన్ని గూడేలు. సభ అక్కడే, ఆ గూడెం ఓటర్లతోనే జరగాలి. చిన్నతరహా ఖనిజాల లీజుకు ముందు గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు తప్పనిసరి. లీజుదారు గిరిజనేతరుడైతే, ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదనే 1/70 చట్టం, గనుల లీజులకూ అదే వర్తిస్తుందన్న సుప్రీంకోర్టు 1997 సమత తీర్పు కూడా మీ వైపే ఉంటాయి. కాబట్టి లీజు ఎవరి పేరున ఉందో మొదట తెలుసుకోండి, బినామీ అనుమానం ఉంటే అర్జీలో ఆ మాట రాయండి.

కొండ మీద అటవీ హక్కుల క్లెయిములు ఉంటే వాటి సభకు వేరే కోరం ఉంది. సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు మహిళలుండాలి. ఒడిశా నియమగిరిలో బాక్సైట్ తవ్వకంపై సుప్రీంకోర్టు 2013లో గ్రామసభలనే అడగమంది. పన్నెండు ఊళ్లలో, ఆ ఊళ్లలోనే సభలు పెట్టారు. పన్నెండూ వద్దన్నాయి.

మీరు ఇప్పుడు గూడెంలో సభ పెట్టి, మండల కేంద్రంలో జరిగింది తమ సభ కాదని తీర్మానం చేయండి. తేదీ, చోటు, హాజరు సంఖ్య, ఆడవాళ్ల సంఖ్య రాయండి. వేలిముద్ర వేసిన ప్రతి ఒక్కరి పేరు పక్కనే ఉండాలి. నకళ్లు ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు అధికారికి, గనుల శాఖకు, కలెక్టర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదులు దాచుకోండి.

ప్రశ్న: మా ఊరు మున్సిపాలిటీలో కలిసిపోయింది. ఇక సభలుండవా?
– ఒక గృహిణి, రంగారెడ్డి జిల్లా

జవాబు: గ్రామసభ ఉండదు. తెలంగాణ మున్సిపల్ చట్టం (2019) కింద ప్రతి వార్డులో యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖ పౌరులు అని నాలుగు కమిటీలుండాలి, ఒక్కోదానిలో పదిహేను మంది. మీ వార్డులో ఆ అరవై పేర్లు ఎవరివో మున్సిపల్ ఆఫీసులో అడగండి.