షైలాక్‌ని మళ్ళీ చదువు

తమ్ముడూ,

నీ నాటిక చదివాను. సంభాషణలు చురుగ్గా ఉన్నాయి. వడ్డీ వ్యాపారి పాత్ర దగ్గరే నాకు మనసు కష్టమైంది. దుర్మార్గుణ్ణి రాయొచ్చు, తప్పులేదు. కానీ ఫలానా కులంవాడు కాబట్టి ఇంతే అన్నట్టు మొదటి సీనులోనే తేల్చేశావు. షేక్‌స్పియర్ యూదు వడ్డీ వ్యాపారి షైలాక్‌ని అలాగే రాశాడు కదా అని ఉత్తరంలో అన్నావు. అందుకే అతనున్న నాటకం ‘వెనిస్ వర్తకుడు’ గురించి రాస్తున్నాను.

ఆ నాటకం 1596-97 ప్రాంతంలో రాసింది. ఇంగ్లండ్ యూదుల్ని 1290లోనే దేశం నుంచి వెళ్ళగొట్టింది. యూదుడిగా బాహాటంగా బతికే మనిషిని ఆ ప్రేక్షకుల్లో చాలామంది చూసి ఉండరు, వాళ్ళ మీద కథలు మాత్రం బోలెడు విన్నారు. ఇక కథ జరిగే వెనిస్‌లో 1516 నుంచి యూదులు గెట్టో అనే ప్రత్యేక పేటలోనే ఉండాల్సి వచ్చేది, రాత్రయితే గేట్లు మూసేసేవారు. చాలా వృత్తుల్లోకి వాళ్ళని రానివ్వలేదు. వడ్డీకి అప్పులివ్వడం వాళ్ళకి వదిలి, ఆ పని చేస్తున్నందుకే అసహ్యించుకున్నారు. నాటకంలో గెట్టో ఊసే లేదు. నీ వ్యాపారి ఆ వ్యాపారంలోకి ఎలా వచ్చాడో నీ నాటికలోనూ లేదు.

‘యూదుడికి కళ్ళు లేవా’ అనే మాటలు అందరికీ గుర్తుంటాయి. నాకు అంతకన్నా ముఖ్యమైనది అదే సీనులో ఉంది. ఇల్లు వదిలి వెళ్ళిన షైలాక్ కూతురు జెస్సికా ఒక ఉంగరం ఇచ్చి కోతిని కొనుక్కుందని తెలుస్తుంది. భార్య లియా పెళ్ళికి ముందు ఇచ్చిన ఉంగరం అది, అడవినిండా కోతుల్నిచ్చినా ఇచ్చేవాణ్ణి కాదంటాడు షైలాక్. లియా పేరు నాటకంలో మళ్ళీ ఎక్కడా రాదు. డబ్బు తప్ప ఇంకేమీ అక్కర్లేదని అందరూ అనుకునే మనిషికి వెలకట్టలేనిది ఒకటుందని ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది.

అలాగని అతన్ని మంచివాణ్ణి చెయ్యకు. 3,000 డ్యుకట్ నాణేల అప్పు తీర్చలేదని వర్తకుడు ఆంటోనియో ఒంట్లోంచి పౌను మాంసం కోస్తానని కత్తి నూరుతాడు, ఆ క్రూరత్వం నిజమే. అయితే షైలాక్ మీద ఉమ్మి, కుక్కా అని తిట్టిన ఆంటోనియోయే కోర్టులో అతను మతం మారాలని షరతు పెడతాడు. దాన్ని దయ అంటారు. ఒంట్లో బాగోలేదు, వెళ్తానంటాడు షైలాక్. అయిదో అంకంలో అతను కనిపించడు, మిగతావాళ్ళు ఉంగరాల మీద సరసాలాడుకుంటారు. ఇది నాటకంలో ఉన్న ద్వేషమే, రాసినవాడు ఎంత గొప్పవాడైనా అలా అనడానికి వెనకాడకు.

1814లో లండన్‌లో ఎడ్మండ్ కీన్ షైలాక్‌ని గాయపడ్డ మనిషిగా నటించాడు. 1943లో నాజీల పాలనలో ఉన్న వియన్నాలో అదే పాత్రని జనం ద్వేషించేలా వెర్నర్ క్రౌస్ నటించాడు. అప్పటికి యూదుల్ని చంపే శిబిరాలు నడుస్తున్నాయి. రాసి వదిలేశాక నీ మాటలు ఎవరి చేతిలో పడతాయో నీకు తెలీదు తమ్ముడూ.

నీ వడ్డీ వ్యాపారి ఉన్న సీను మళ్ళీ రాయి. ఊళ్ళోవాళ్ళు అతన్ని కులం పేరుతో పిలిస్తే పిలవనీ, కానీ ఒక్కరైనా సొంత పేరుతో పిలవాలి. ఎంత డబ్బిచ్చినా అతను వదులుకోనిది ఏమిటో వెతుకు. దొరికాక పంపు, వెంటనే చదువుతాను.

నీ అన్నయ్య